టోర్నమెంట్‌లో చెయ్యి వణికినా ఆట చెడకుండా: గోల్ఫ్‌లో మనసు పనికి పూర్తి మార్గదర్శి

నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి చెన్నైకో హైదరాబాద్‌కో పోయి క్లబ్ టోర్నమెంట్లు, కంపెనీ టోర్నమెంట్లు ఆడేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం కోసం బయటికి పోయి అక్కడ ఆట నేర్చుకున్నవాళ్లే. సొంతూరికి తిరిగొచ్చినా ఆట మాత్రం వదల్లేదు. వీళ్లు అడిగే ప్రశ్న ఇంచుమించు ఒకటే: "ఫ్రెండ్స్‌తో ఆడితే 92 కొడతాను. టోర్నమెంట్‌లో అదే కోర్సులో 105 అవుతోంది. ఎందుకు?" (గోల్ఫ్ కోర్సు అంటే ఆట మైదానం. అక్కడి 18 హోల్స్ పూర్తి చేయడానికి ఎన్ని దెబ్బలు, అంటే స్ట్రోకులు, పడితే అదే స్కోరు. తక్కువైతే మంచిది.)

స్వింగ్ రాత్రికి రాత్రి పాడవదు, పాడయ్యేవి నిర్ణయాలు. గుండె దడదడలాడుతున్నప్పుడు ఏ క్లబ్ (బంతి కొట్టే కర్ర) తీయాలి, ఎటు కొట్టాలి, చెట్ల సందులోంచి కొట్టొచ్చా అని అప్పటికప్పుడు ఆలోచించి తేల్చుకోవడం ఎవరికైనా కష్టం. పెళ్లి వంటకు కూరగాయలు ముందు రాత్రే తరిగి పెట్టుకున్నట్టు, ఈ నిర్ణయాల్లో వీలైనన్ని ఇంట్లోనే చేసుకుని పోవాలి. కింద చెప్పేదంతా ఆ పనే. టెన్షన్ పూర్తిగా పోయే ఉపాయం ఇందులో దొరకదు, దాని కోసం వెతుక్కోకండి కూడా.

రాసింది హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి అతనికి ఇచ్చే అదనపు స్ట్రోకుల లెక్క) 12 నుంచి 28 మధ్య ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని. కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్లు ముందు బంతి గాల్లోకి లేపడం నేర్చుకుని రండి.

1. మీ అసలు స్కోరు ఎంతో తేల్చుకోండి

ఆ 92 నిజమైన 92 అవునా? చాలామందికి జబ్బు ఇక్కడే ఉంటుంది.

స్నేహితులతో ఆడేటప్పుడు రెండడుగుల పట్ (గ్రీన్, అంటే రంధ్రం చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి మీద బంతిని దొర్లించే దెబ్బ) మిగిలితే "తీసెయ్ అన్నా, అయిపోయినట్టే" అంటారు. మొదటి టీలో (హోల్ మొదలుపెట్టే చోట) బంతి చెట్లలోకి పోతే ఇంకోటి కొట్టిస్తారు. రఫ్‌లో (పొడుగు గడ్డిలో) బంతి గుంటలో ఉంటే క్లబ్‌తో కాస్త జరుపుకుంటారు. 18 హోల్స్‌లో ఇవన్నీ కలిపితే ఐదారు స్ట్రోకులు సులువుగా మాయమవుతాయి.

స్ట్రోక్ ప్లే (మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే) టోర్నమెంట్‌లో ఇవేవీ చెల్లవు. ప్రతి హోల్‌లోనూ బంతి రంధ్రంలో పడాల్సిందే. పడకుండా చేత్తో తీసేసి, తప్పు దిద్దుకోకుండా తర్వాతి టీ నుంచి కొట్టేస్తే డిస్‌క్వాలిఫై అవుతారు. అంటే ఏడాది పొడుగునా ఒక్కసారి కూడా కొట్టని రెండడుగుల పట్‌ను టోర్నమెంట్ రోజు పదిసార్లు కొట్టాల్సి వస్తుంది. ఇక చెయ్యి వణక్కుండా ఎలా ఉంటుంది?

చేయాల్సింది:

- టోర్నమెంట్‌కు ముందు కనీసం మూడు రౌండ్లు పూర్తిగా రూల్స్ ప్రకారం ఆడండి. మీతో ఆడేవాళ్లకు ముందే చెప్పండి: "అన్నా, ఈసారి నాకు పట్‌లు ఇవ్వొద్దు."
- ఆ మూడు రౌండ్ల సగటునే మీ అసలు స్కోరుగా రాసుకోండి.
- హ్యాండిక్యాప్ లెక్క అర్థం చేసుకోండి. అది గత 20 రౌండ్లలో బాగా ఆడిన 8 రౌండ్ల మీద వేసే లెక్క. కాబట్టి హ్యాండిక్యాప్‌కు తగ్గ స్కోరు వచ్చిందంటే ఆ రోజు మీరు బాగా ఆడినట్టు. మామూలు రోజున అంతకంటే నాలుగైదు ఎక్కువ రావడం సహజం.

ఈ చివరి ముక్క అర్థమైతే సగం బరువు దిగుతుంది. కోర్సు హ్యాండిక్యాప్ (ఆ కోర్సుకు సరిపోయేలా లెక్కగట్టినది) 20 ఉన్న మనిషి పార్ 72 కోర్సులో (పార్ అంటే బాగా ఆడేవాళ్లకు పట్టాల్సిన స్ట్రోకులు) 96 కొడితే "ఈరోజు నాకేదో అయింది" అనుకుంటాడు. అతనికేమీ కాలేదు, అది అతని మామూలు రోజే.

2. మీ సొంత పార్ రాసుకోండి

స్కోర్‌కార్డులో ప్రతి హోల్‌కూ స్ట్రోక్ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది, 1 అంటే అన్నిటికంటే కష్టమైన హోల్. మీ కోర్సు హ్యాండిక్యాప్ 20 అయితే ప్రతి హోల్‌లో ఒక స్ట్రోకు, ఇండెక్స్ 1, 2 ఉన్న హోల్స్‌లో రెండేసి మీకు అదనంగా వస్తాయి. అంటే ఇండెక్స్ 1 ఉన్న పార్ 4 మీకు నిజానికి పార్ 6.

ఒక చిన్న కాగితం మీద 18 హోల్స్‌కూ మీ సొంత పార్ రాసి జేబులో పెట్టుకోండి. ఆ కష్టమైన హోల్‌లో 6 వేసి బయటికొచ్చినప్పుడు డబుల్ బోగీ (పార్ కంటే రెండు ఎక్కువ) అని కుమిలిపోవాల్సిన పనిలేదు, మీ పార్ మీరు కొట్టారు. స్టేబుల్‌ఫోర్డ్ (ప్రతి హోల్‌కూ పాయింట్లు ఇచ్చే) పద్ధతిలో ఆడుతుంటే దానికి 2 పాయింట్లు కూడా పడతాయి.

3. షాట్‌కు ముందు చేసే పనుల వరుస

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదవగలిగితే ఇది చదవండి. రొటీన్ అని అందరూ అంటుంటారు గానీ, చాలామంది చేసేది రెండుసార్లు క్లబ్ ఊపి, ప్యాంటు సర్దుకుని కొట్టేయడం. దాన్ని అలవాటు అనొచ్చు, రొటీన్ అనలేం. రొటీన్‌లో ప్రతి అడుగుకీ ఒక పని ఉండాలి.

దీన్ని రెండు భాగాలు చేయండి. బంతి వెనక నిలబడి ఆలోచిస్తారు, బంతి పక్కకు వచ్చాక కొడతారు. మధ్యలో ఒక గీత ఉందనుకోండి. గీత దాటాక ఆలోచన ఉండకూడదు.

బంతి వెనక:

- బంతి ఎలా కూర్చుంది? గడ్డి మీద తేలుతోందా, లోపల దిగిందా?
- ఎంత దూరం? గాలి ఎటు?
- తప్పు జరిగితే ఎటువైపు పోయినా పర్వాలేదు, ఎటువైపు పోకూడదు?
- ఏ క్లబ్?
- గురి ఎక్కడ? "ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా పొట్టిగా కోసిన గడ్డి దారి) మధ్యలో" అంటే చాలదు. దూరంగా కనిపించే ఒక చెట్టు కొమ్మో, బంకర్ (ఇసుక గుంట) కుడి అంచో పట్టుకోండి.

ఆ తర్వాత ఒక్క శ్వాస. నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. వదిలేది పొడవుగా ఉంటే గుండె వేగం కొంచెం తగ్గుతుంది, భుజాలు కిందికి దిగుతాయి.

గీత దాటాక:

- క్లబ్ ముఖాన్ని గురికి ఎదురుగా పెట్టడం
- కాళ్లు సర్దుకోవడం
- గురి వైపు ఒకసారి చూపు, రెండోసారి చూపు
- కొట్టేయడం

ఆ చివరి చూపుకూ స్వింగ్ మొదలుపెట్టడానికీ మధ్య ఆలస్యం చేయొద్దు. "ఎడమ చెయ్యి తిన్నగా ఉందా, తల కదులుతోందా" లాంటి అనుమానాలు దూరేది ఆ ఖాళీలోనే.

బంతి పక్కన నిలబడ్డాక అనుమానం వస్తే? వెనక్కి వచ్చేయండి. గీత అవతలికి పోయి మళ్లీ మొదలుపెట్టండి. చూసేవాళ్లు ఏమనుకుంటారో అని అలాగే కొట్టేసిన షాట్లే ఎక్కువగా నీళ్లలోకి పోతాయి. కాకపోతే ఇది రౌండ్‌లో రెండు మూడుసార్లకు మించకూడదు. అంతకు మించితే లోపం గీత ముందరి పనిలో ఉంది, అక్కడ మీరు సరిగా తేల్చుకోవడం లేదన్నమాట.

సమయం సంగతి. మీ వంతు వచ్చాక 40 సెకన్లు దాటకుండా కొట్టమని రూల్స్ చెబుతాయి. మీ రొటీన్ మొత్తం 25 సెకన్లలో అయిపోయేలా చూసుకోండి. ఇంట్లో పిల్లల్నెవరినైనా ఫోన్‌తో వీడియో తీయమని, పది షాట్ల సమయం లెక్క చూడండి. పదింటికీ ఇంచుమించు ఒకే సమయం పడితే రొటీన్ కుదిరినట్టు. ఒకటి 15, ఇంకోటి 40 అయితే ఇంకా కుదరలేదు.

పట్‌కు కూడా ఇదే వరుస, కాకపోతే పొట్టిగా: వెనక నుంచి వాలు చూడటం, దూరం కోసం రంధ్రం వైపు చూస్తూ రెండు ఊపులు, నిలబడటం, ఒక చూపు, కొట్టడం.

4. కోర్సు లేని ఊళ్లో టెన్షన్‌ను ప్రాక్టీస్ చేయడం

నెల్లూరులో ఉండి రోజూ కోర్సుకు పోలేం. కానీ మనసు పనికి కోర్సు అక్కర్లేదు, హాలు చాలు. వంద బంతులు వరసగా కొట్టడం వల్ల చెయ్యి తిరుగుతుందే గానీ టెన్షన్ అలవాటు కాదు. టోర్నమెంట్‌లో ఉండేది ఒక్క బంతి, ఒక్క అవకాశం. ఇంట్లోనూ అలాగే ఉండాలి.

మూడడుగుల పరీక్ష. కార్పెట్ పరచండి. గ్రానైట్ నేల మీద పట్ చేయొద్దు, బంతి మరీ జారిపోయి చెయ్యి బిగుసుకునే అలవాటు వస్తుంది. మూడడుగుల దూరం నుంచి గ్లాసులోకి పది పట్‌లు వరసగా పడాలి. ఒకటి తప్పితే మళ్లీ ఒకటి నుంచి. ఏడు, ఎనిమిది దాకా వచ్చేసరికి గొంతు తడారిపోవడం మీకే తెలుస్తుంది. మనకు కావాల్సింది ఆ స్థితే. ప్రతి పట్‌కూ పూర్తి రొటీన్ చేయండి, తొందరపడి వాయించేయొద్దు.

మెట్ల పరీక్ష. మిద్దె దాకా రెండుసార్లు గబగబా ఎక్కి దిగి, ఆయాసం తగ్గకముందే ఒక్క పట్ కొట్టండి. పెరట్లో నెట్ ఉంటే ఒక్క డ్రైవ్ కొట్టండి. మొదటి టీ మీద గుండె కొట్టుకునే తీరు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఆ స్థితిలో పొడవుగా శ్వాస వదిలి, గురి చూసుకుని కొట్టడం శరీరానికి ముందే పరిచయం కావాలి.

పందెం. ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి ఒకే ఒక్క పట్. పడకపోతే ఆ సాయంత్రం అందరికీ కారం దోసెలు మీ ఖర్చు. డబ్బు చిన్నదే, నవ్వులు మాత్రం గట్టిగా ఉంటాయి. నలుగురి ముందు తప్పడం అలవాటు కావడమే ఇందులో లాభం.

నెట్ దగ్గర. ఒకే క్లబ్‌తో యాభై కొట్టకుండా ప్రతి బంతికీ క్లబ్ మార్చండి. డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టేది), 7 ఐరన్, వెడ్జ్ (దగ్గర షాట్లకు), మళ్లీ డ్రైవర్. గ్రీన్ మీద పట్‌లు తప్ప, కోర్సులో వరసగా రెండుసార్లు ఒకే క్లబ్ కొట్టడం అరుదు.

ఒక మాట: మైపాడు బీచ్‌లోనో కొత్తపట్నంలోనో ఖాళీగా ఉంది కదా అని డ్రైవర్ తీయకండి. గట్టి బంతి, వలలు సర్దుకునే మనుషులు, ఆడుకునే పిల్లలు. ఏ ప్రాక్టీసూ ఆ ప్రమాదానికి తగదు.

5. వారం ముందు: ఆట పథకం

ఈ వారంలో స్వింగ్ జోలికి పోవద్దు. యూట్యూబ్‌లో కొత్త గ్రిప్ వీడియో ఎంత బాగున్నా సరే, టోర్నమెంట్ అయ్యాక చూడండి.

కూర్చుని 18 హోల్స్‌నూ ముందే ఆడండి. ఫోన్ మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం తెరిస్తే బంకర్లు, నీళ్లు, చెట్ల వరసలు కనిపిస్తాయి, దూరం కొలుచుకోవచ్చు. ప్రతి హోల్‌కూ మూడు ముక్కలు రాయండి: టీ నుంచి ఏ క్లబ్, ఎటు గురి, ఎక్కడికి పోకూడదు. కోర్సును బట్టి జాగ్రత్తలు మారతాయి. హైదరాబాద్ గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్‌లో బండరాళ్ల వైపు పోయిన బంతి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి చోట డ్రైవర్ బదులు హైబ్రిడ్ (దూరం తగ్గినా అదుపులో ఉండే క్లబ్) అని ఇంట్లోనే రాసుకుంటే, ఆ రోజు పక్కవాడు డ్రైవర్ తీసి 250 యార్డులు కొట్టినా మీ చెయ్యి మీ డ్రైవర్ వైపు పోదు.

వారం చెక్‌లిస్టు:

- బ్యాగులో క్లబ్బులు 14కు మించలేదు కదా? లెక్కపెట్టండి. కొడుకు క్లబ్ ఒకటి పొరపాటున ఉండిపోయినా పెనాల్టీ మీకే.
- ఒకే రకం బంతులు, గుర్తు వేసినవి
- రెండు గ్లోవులు (తీరం వైపు ఉక్కకు ఒకటి తడిసి ముద్దవుతుంది)
- టోర్నమెంట్ లోకల్ రూల్స్ కాగితం, టీ టైమ్, దూరం కొలిచే పరికరం అనుమతిస్తారా లేదా
- సొంత పార్ కాగితం, ఆట పథకం

6. ముందు రోజు, ప్రయాణం

నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్ల చిల్లర. టీ టైమ్ ఉదయం ఆరున్నర అయితే "తెల్లవారుజామున రెండింటికి బయల్దేరితే సరి" అనే లెక్క వేసేవాళ్లున్నారు. వేయొద్దు. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి చెన్నై ట్రాఫిక్‌లోకి దిగేసరికి కళ్లు ఎర్రబడతాయి, నడుము పట్టేస్తుంది. పైగా "టైముకు చేరతామా" అన్న కంగారుతోనే రౌండ్ మొదలవుతుంది. చెప్పిన సమయానికి ఐదు నిమిషాల లోపు ఆలస్యమైతే రెండు స్ట్రోకుల పెనాల్టీ, అంతకు మించితే డిస్‌క్వాలిఫై. ముందు రోజు మధ్యాహ్నానికే చేరండి. ఒంగోలు వాళ్లకు, హైదరాబాద్ పోయేవాళ్లకు ఇది మరీ తప్పనిసరి.

రాత్రి భోజనం తేలిగ్గా, రోజూ తినేదే. చేపల పులుసు అలవాటే కదా అని రాత్రి పదింటికి కడుపు నిండా లాగించొద్దు.

నిద్ర పట్టకపోతే భయపడొద్దు. ఒక్క రాత్రి సరిగా నిద్ర లేకపోయినంత మాత్రాన పట్ తప్పదు. "నిద్ర పట్టలేదు, రేపు అయిపోయింది" అని మంచం మీద కూర్చుని కుమలడమే చేటు. కళ్లు మూసుకుని మొదటి మూడు హోల్స్ పథకం ప్రకారం మనసులో ఆడండి. నాలుగో హోల్ దాకా వచ్చేలోపే చాలామంది నిద్రలోకి జారుకుంటారు.

7. మొదటి టీ

టీ టైమ్‌కు గంట ముందు క్లబ్‌లో ఉండండి. ఈ వరసలో పోండి: పది నిమిషాలు ఒళ్లు సాగదీయడం, ఇరవై ఐదు ముప్పై బంతులు చిన్న క్లబ్ నుంచి పెద్ద క్లబ్‌కు, చివరి మూడు బంతులు మొదటి టీ మీద కొట్టబోయే క్లబ్‌తోనే, ఆ తర్వాత గ్రీన్ మీద పట్‌లు. పట్‌లు చివరికి ఎందుకంటే, ఆరోజు గ్రీన్ వేగం చేతిలో తాజాగా ఉంటుంది. రేంజ్‌లో (ప్రాక్టీస్ చోట) బంతులు అడ్డదిడ్డంగా పోతున్నా దిద్దే ప్రయత్నం చేయొద్దు. అది ఒళ్లు వేడెక్కించే పని, పాఠం కాదు.

పేరు పిలుస్తారు. నలుగురు చూస్తుంటారు. అరచేతులు చెమటలు పట్టి, నోరు ఎండుతుంది. ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే స్వింగ్ వేగం మీకు తెలియకుండానే పెరుగుతుంది. దానికి మూడు మందులు:

- పథకంలో మొదటి టీకి మీరు బాగా నమ్మే క్లబ్‌నే రాసుకుని ఉండాలి. అది 5 హైబ్రిడ్ అయినా సిగ్గుపడొద్దు.
- గ్రిప్‌ను ఒకసారి గట్టిగా పిండి వదిలేయండి. వదిలాక ఉండే పట్టుతోనే కొట్టండి.
- "బాగా కొట్టాలి" అని మనసులో అనుకోవడం మానేసి ఆ చెట్టు కొమ్మనే చూడండి.

"నాకెందుకో భయంగా ఉంది" అని లోపల అనిపిస్తే అణచొద్దు. పక్కనున్న పోటీదారుకూ అదే ఉంటుంది, అతను నవ్వుతూ ఉన్నాడంతే.

8. షాట్‌కూ షాట్‌కూ మధ్య

95 కొట్టే మనిషి ఒక్కో షాట్‌కు 40 సెకన్లు తీసుకున్నా మొత్తం గంట చిల్లర. రౌండ్ నాలుగు గంటలు, నాలుగున్నర గంటలు సాగుతుంది. మిగతా మూడు గంటలూ మనసు ఏం చేస్తోంది? చాలామందికి అది జరిగిపోయిన షాట్‌ను తవ్వుకుంటూనో, జరగబోయే స్కోరు లెక్కలు వేసుకుంటూనో అలిసిపోతుంది. 14వ హోల్ దగ్గర ఆట జారిపోయిందంటే తప్పు కాళ్లది కాకపోవచ్చు.

నాలుగున్నర గంటలు ఏకాగ్రతతో ఉండటం ఎవరి వల్లా కాదు. షాట్ అయిపోగానే వదిలేయండి. గ్లోవ్ తీసేయడం దానికి మంచి గుర్తు: గ్లోవ్ తీస్తే సెలవు, వేసుకుంటే పని. మధ్యలో కేడీతో (బ్యాగు మోసే సహాయకుడితో) కబుర్లు చెప్పండి, కొంగలను చూడండి, పక్కవాళ్ల పిల్లల చదువుల గురించి అడగండి. ఫోన్ మాత్రం బ్యాగులోనే ఉండాలి. భూమి రిజిస్ట్రేషన్ గురించి ఒక కాల్ వచ్చిందంటే మూడు హోల్స్ పోయినట్టే.

నడిచేటప్పుడు చూపు చెట్ల తలల ఎత్తున ఉంచండి. నేల చూపులు చూస్తూ నడిస్తే మనసు కూడా నేలకే దిగుతుంది. ప్రతి టీ దగ్గరా రెండు గుక్కలు నీళ్లు, మూడు నాలుగు హోల్స్‌కు ఒకసారి అరటిపండో పల్లీలో. దాహం, ఆకలి వచ్చినప్పుడు మనకు ముందు తెలిసేది చిరాకే.

9. చెడ్డ హోల్ తర్వాత

అందరి టోర్నమెంట్లూ ఇక్కడే పోతాయి. చెడ్డ షాట్ వల్ల పోయేది ఒక స్ట్రోకు. దాన్ని అక్కడికక్కడే పూడ్చుకోవాలన్న పట్టుదల వల్ల నాలుగు పోతాయి.

1999 బ్రిటిష్ ఓపెన్, కార్నూస్టీ. ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డె చివరి హోల్‌కు మూడు స్ట్రోకుల ఆధిక్యంతో వచ్చాడు. డబుల్ బోగీ 6 కొట్టినా గెలిచేవాడు. డ్రైవర్ తీశాడు, బంతి కుడి పక్కకు పోయింది. అక్కడి నుంచి పొట్టిగా ఫెయిర్‌వే మీదికి కొట్టుకోకుండా నేరుగా గ్రీన్ వైపు 2 ఐరన్ కొట్టాడు. బంతి ప్రేక్షకుల స్టాండ్‌కు తగిలి వెనక్కొచ్చి దట్టమైన గడ్డిలో పడింది. తర్వాతి షాట్ కాలవలోకి. మొత్తం 7. ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు. ఆ స్థాయి ఆటగాడికే ఇలా అయినప్పుడు మనం చెట్ల మధ్య మూడడుగుల సందు చూసి "పోతుందిలే" అనుకోవడంలో వింత లేదు. అందుకే రూల్ ముందే రాసుకోవాలి.

ఇంట్లోనే తేల్చుకోవాల్సిన రూల్స్:

- చెట్లలో ఉంటే మొదటి చూపు ఫెయిర్‌వే వైపే, గ్రీన్ వైపు కాదు. పక్కకైనా, వెనక్కైనా సరే.
- పదికి ఎనిమిదిసార్లు కొట్టలేని షాట్ టోర్నమెంట్‌లో కొట్టకూడదు.
- బంతి పోయిందేమో అన్న అనుమానం వస్తే వెంటనే "ప్రొవిజనల్ కొడుతున్నా" అని చెప్పి రెండో బంతి (మొదటిది దొరక్కపోతే లెక్కలోకి వచ్చేది) కొట్టాలి. వెతకడానికి ఉన్నది మూడు నిమిషాలే. ఆ తర్వాత తలదించుకుని టీ దాకా వెనక్కి నడవడం కంటే మనసును చితక్కొట్టేది ఇంకోటి లేదు.
- రూల్ తెలియక తికమకపడితే పక్కవాళ్లతో వాదన వద్దు. స్ట్రోక్ ప్లేలో రెండు బంతులు ఆడొచ్చు. కొట్టకముందే రెండు ఆడుతున్నట్టు, ఏది లెక్కలోకి రావాలో మార్కర్‌కు (మీ కార్డు రాసే సహ ఆటగాడికి) చెప్పి, కార్డు ఇచ్చేముందు కమిటీకి విషయం చెప్పాలి. ఆటా ఆగదు, కోపమూ రాదు.

కోపం సంగతి. ముక్కు మీద కోపం ఉన్నవాళ్లకు "కోపగించుకోవద్దు" అని చెప్పి లాభం లేదు. కోపానికి హద్దు పెట్టుకోండి: బంతి దగ్గర నుంచి పది అడుగులు. ఆ పది అడుగుల్లో మనసులో ఎంత తిట్టుకున్నా సరే. పదకొండో అడుగులో గ్లోవ్ తీసేసి ఒకే ఒక ప్రశ్న అడగండి: నిర్ణయం తప్పా, కొట్టడం తప్పా? నిర్ణయం తప్పయితే తర్వాతి షాట్‌కు పథకం కాగితం తీయండి. కొట్టడం తప్పయితే చేసేదేమీ లేదు, గోల్ఫ్‌లో అవి పడుతూనే ఉంటాయి.

పట్ తప్పినప్పుడు ఒక అంకె గుర్తుపెట్టుకోండి. అమెరికా పీజీఏ టూర్‌లో (ప్రొఫెషనల్ పోటీల్లో) ఆడేవాళ్లు కూడా ఎనిమిది అడుగుల పట్‌లలో దాదాపు సగమే వేస్తారు. వారానికి ఒకసారి ఆడే మనం అది తప్పినందుకు ఆకాశం వైపు చేతులెత్తడం దండగ.

10. బాగా ఆడుతున్నప్పుడు

ఇదీ ప్రమాదమే. 12వ హోల్ దగ్గర "ఇలాగే పోతే ప్రైజ్ నాదే" అని కూడికలు మొదలైతే మిగతా ఆరు హోల్స్ బంతిని కాపాడుకుంటూ భయంగా ఆడతాం. స్వింగ్ సగంలో ఆగిపోతుంది. కార్డులో ప్రతి హోల్ అంకె వేయండి, మొత్తం కూడొద్దు. ఎవరైనా "అన్నా, ఎంత మీద ఉన్నావు?" అంటే "అయిపోయాక చెప్తా" అనండి. పథకం 12వ హోల్ తర్వాత కూడా అదే పథకం.

11. పక్కనున్నవాళ్లు

కంపెనీ టోర్నమెంట్లలో పెద్దసార్లతోనో క్లయింట్‌తోనో కలిపి వేస్తారు. ఆయన మీకు పట్ ఇచ్చేసినా స్ట్రోక్ ప్లేలో తీసుకోకండి. "వేసేస్తాను సార్, ఒక్క నిమిషం" అంటే ఎవరూ తప్పుగా అనుకోరు. ఆయన మెల్లగా ఆడుతుంటే మీ రొటీన్ ముందే మొదలుపెట్టొద్దు. ఆయన కొట్టాకే గ్లోవ్ వేసుకోండి.

పక్క ఆటగాడిని "ఏ క్లబ్ కొట్టారు?" అని అడగడం కూడా సలహా కిందికే వస్తుంది, రెండు స్ట్రోకుల పెనాల్టీ. మన వాళ్లకు ఇది కబుర్లలో నోరు జారే విషయం. కేడీని మాత్రం ఎంతైనా అడగొచ్చు. కేడీకి మొదటి టీ దగ్గరే చెప్పండి: నాకు దూరం, వాలు చెబితే చాలు, స్వింగ్ గురించి ఏమీ చెప్పొద్దు.

12. ఎక్కువగా కనిపించే తప్పులు, సవరణలు

- టెన్షన్ తగ్గడానికి మాత్ర. గుండె దడ తగ్గించే బీటా బ్లాకర్లు గోల్ఫ్ పోటీల్లో నిషేధిత మందుల జాబితాలో ఉన్నాయి. ఎవరో ఇచ్చారని వేసుకోవద్దు. బీపీకి ఇప్పటికే వాడుతున్నవాళ్లు మానేయకుండా, డాక్టర్‌ను, నిర్వాహకులను ముందే అడగండి.
- తొమ్మిది హోల్స్ అయ్యాక బీరు. మొదటి రెండు హోల్స్ హాయిగా ఉంటుంది, ఆ తర్వాత దూరాలు లెక్క తప్పుతాయి.
- చెడు హోల్ తర్వాత తొందర. నడక, మాట, స్వింగ్ అన్నీ వేగమవుతాయి. తర్వాతి టీ మీద బ్యాగు జిప్ కావాలనే మెల్లగా తీయండి. చిన్న పని మెల్లగా చేస్తే పెద్దదీ మెల్లబడుతుంది.
- మధ్యలో స్వింగ్ రిపేరు. బంతి వరసగా కుడికే పోతోందా? ఈరోజుకు గురి కాస్త ఎడమకు జరపండి. రిపేరు వచ్చే వారం.
- మనసులో "నీళ్లలోకి పోకూడదు". అనుకున్న కొద్దీ కళ్లు నీళ్ల మీదే ఉంటాయి. గురి దొరకలేదన్నమాట. వెనక్కి వచ్చి మళ్లీ వెతకండి.

13. కార్డు, ఆ తర్వాత

చివరి పట్ పడగానే బుర్ర పని మానేస్తుంది, కానీ ఇంకా పని ఉంది. 1968 మాస్టర్స్ టోర్నమెంట్‌లో అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విచెంజో 17వ హోల్‌లో 3 కొడితే, ఆయన కార్డు రాస్తున్న సహ ఆటగాడు 4 అని వేశాడు. చూసుకోకుండా సంతకం పెట్టడంతో ఆ ఎక్కువ అంకే ఖాయమై, ప్లేఆఫ్ ఆడే అవకాశం పోయింది. కొట్టినదానికంటే తక్కువ అంకెకు సంతకం పెడితే ఇంకా దారుణం, డిస్‌క్వాలిఫై. నీడలో కూర్చోండి, నీళ్లు తాగండి, ఒక్కో హోల్ మార్కర్‌తో పైకి చదివి సరిచూడండి, ఇద్దరి సంతకాలు ఉన్నాయో లేదో చూడండి.

ఇంటికి వచ్చే దారిలో కారు వేరేవాళ్లు నడుపుతుంటే అప్పుడే, లేకపోతే మర్నాడు పొద్దున, నోట్‌బుక్‌లో ఇవి రాయండి:

- పూర్తి రొటీన్‌తో కొట్టిన షాట్లు ఎన్ని? (అంచనా చాలు)
- పథకానికి విరుద్ధంగా తీసుకున్న నిర్ణయాలు ఏ హోల్‌లో? వాటి ఖరీదు ఎన్ని స్ట్రోకులు?
- మూడడుగుల లోపు తప్పిన పట్‌లు
- కోపం పది అడుగులు దాటిన చోట్లు
- బాగా కుదిరిన మూడు షాట్లు, వాటి ముందు మనసులో ఏముందో

రెండు మూడు టోర్నమెంట్లయ్యాక ఈ పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కొందరికి అది చెట్ల సందు, కొందరికి పార్ 3 మీద దూరం చాలని క్లబ్, ఇంకొందరికి 15వ హోల్ తర్వాత తాగని నీళ్లు. తర్వాతి టోర్నమెంట్ పథకం కాగితంలో పైన మొదటి గీతలో రాయాల్సింది అదే, మిగతావన్నీ దాని కింద.